పాత ఆక్టేవియా ఆర్ఎస్ ఇంజిన్ రీబిల్డ్: కంప్రెషన్ 8.5 పెట్టాలా, 9.5 ఉంచాలా, 10.5కి వెళ్లాలా?

మీ బండి సంగతి ముందు ఒకసారి క్లుప్తంగా చెప్పుకుందాం. 2005 మోడల్ స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్, 1.8 టర్బో. లక్షా అరవై వేల కిలోమీటర్లు తిరిగింది. వెయ్యి కిలోమీటర్లకు లీటరు ఆయిల్ తాగుతోంది, రెండో సిలిండర్ బలహీనపడింది, ఇంజిన్ బోరుకొచ్చిందని తేలింది. ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి ఫోర్జ్‌డ్ (గట్టిగా నొక్కి చేసిన, మామూలు వాటికంటే బలమైన) పిస్టన్లు వేయించి, కాస్త పెద్ద టర్బో పెట్టి 220 హార్స్‌పవర్ దాకా తీసుకెళ్లాలని మీ ఆలోచన. మెకానిక్ "టర్బో బండి కదా, 8.5 పిస్టన్లు వేద్దాం, సేఫ్" అంటున్నాడు. స్నేహితుడేమో "కొత్త టర్బో బండ్లు 10.5తో వస్తున్నాయి, నువ్వూ అదే పెట్టు, కింద పికప్ అదిరిపోతుంది" అంటున్నాడు. బండి రోజూ హైదరాబాద్ ట్రాఫిక్‌లో తిరుగుతుంది, నెలకోసారి విజయవాడ వెళ్తుంది.

ఈ అంకెలు కంప్రెషన్ రేషియో, అంటే సిలిండర్‌లోని గాలిని పిస్టన్ ఎన్నో వంతుకి నొక్కుతుందన్నది. 9.5 దగ్గరే ఉంచండి. ఈ ఇంజిన్‌కి కంపెనీ ఇచ్చింది అంతే. మన దగ్గర 2004లో వచ్చిన 150 హార్స్‌పవర్ ఆర్ఎస్‌కీ అదే, యూరప్‌లో అమ్మిన 180 హార్స్‌పవర్ ఆర్ఎస్‌కీ అదే. మీరు అడుగుతున్న 220కి ఆ అంకె సరిపోతుంది. ఒక పాయింట్ దించితే మీరు రోజూ నడిపే బండి మందగిస్తుంది. ఒక పాయింట్ పెంచితే బండి డిసెంబర్‌లో బాగుంటుంది, మేలో ఇంజిన్ పోతుంది. ఇది లెక్కగా చెబుతాను, నా చేతిలో పోయిన ఒక ఇంజిన్ సంగతి కూడా చెబుతాను.

మీ మెకానిక్ మాట తప్పుడు మాట కాదు, పాతబడిన మాట. తొలినాటి టర్బో కార్లలో కంప్రెషన్ నిజంగానే బాగా తక్కువ. 1975లో వచ్చిన పోర్షె 911 టర్బోకి 6.5. స్వీడన్ వాళ్ల సాబ్ 99 టర్బోకి 7.2. అప్పట్లో ఇంజిన్ నాకింగ్ (మిశ్రమం వేళ కాని వేళ దానంతట అదే అంటుకోవడం) కొడుతోందని కనిపెట్టి సర్దుకునే ఏర్పాటు లేదు. టర్బో వేడెక్కించిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్లు కూడా అన్నిటికీ ఉండేవి కావు. అందుకే డిజైన్‌లోనే బోలెడంత జాగ్రత్త వదిలేవారు. నాక్ సెన్సర్ విని బూస్ట్ (టర్బో గాలిని లోపలికి నెట్టే అదనపు ఒత్తిడి) తగ్గించే పద్ధతి సాబ్ వాళ్లు 1980ల మొదట్లో తెచ్చారు, దాంతో అదే కుటుంబం ఇంజిన్‌లో 8.5 దాకా పెంచగలిగారు. అక్కడి నుంచి అంకె మెల్లగా పెరుగుతూ వచ్చింది. మీ బండిలో రెండు నాక్ సెన్సర్లు, ఒక్కో సిలిండర్‌కి విడిగా టైమింగ్ (ప్లగ్ నిప్పు పెట్టే క్షణం) వెనక్కి లాగగలిగే బాష్ కంప్యూటర్ ఉన్నాయి. అవి ఉండగా నలభై ఏళ్ల కిందటి అంకెకు వెనక్కి పోనక్కర్లేదు.

స్నేహితుడి మాటలో కూడా నిజం ఉంది కానీ సగమే ఉంది. ఇప్పటి స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ల 1.0, 1.5 టీఎస్ఐ టర్బో ఇంజిన్లకు 10.5 ఉంది, మారుతి బూస్టర్‌జెట్ 1.0కి 10 ఉంది. అయితే అవన్నీ పెట్రోల్‌ను నేరుగా సిలిండర్ లోపలే చల్లుతాయి. అక్కడ పెట్రోల్ ఆవిరవుతూ లోపలి గాలినే చల్లబరుస్తుంది. మీ ఇంజిన్‌లో పెట్రోల్ వాల్వు వెనక, ఇన్‌టేక్ పోర్టులో పడుతుంది. ఆ చల్లదనంలో చాలా భాగం పోర్టు గోడలకే పోతుంది. పైగా కొత్త ఇంజిన్లలో వాల్వుల టైమింగ్‌ను కంప్యూటర్ ఎప్పటికప్పుడు మారుస్తూ అసలు కంప్రెషన్‌ను సర్దుతుంటుంది, హెడ్డు కూలింగ్ కూడా చాలా మెరుగు. ఆ ఏర్పాట్లన్నీ వదిలేసి పిస్టన్ అంకె ఒక్కటి తెచ్చుకుంటే కష్టం మాత్రమే మిగులుతుంది.

ఇంతకీ కంప్రెషన్ పెంచితే ఎంత వస్తుంది? పుస్తకాల్లో ఉండే ఆదర్శ ఓటో (Otto) సైకిల్, అంటే పెట్రోల్ ఇంజిన్ నమూనా లెక్క తీసుకుంటే 8.5 నుంచి 9.5కి వెళ్తే సామర్థ్యం సుమారు 3.2 శాతం మెరుగవుతుంది. 9.5 నుంచి 10.5కి 2.7 శాతం. పైకి వెళ్లేకొద్దీ లాభం తగ్గుతుంది. అసలు ఇంజిన్‌లో ఇంచుమించు అంతే, పాయింట్‌కి మూడు శాతం అనుకోండి. అదే బూస్ట్‌ను 1.0 బార్ నుంచి 1.1 బార్‌కి పెంచితే లోపలికి వెళ్లే గాలి 5 శాతం పెరుగుతుంది. కాబట్టి గరిష్ఠ పవర్ కోసమే అయితే కంప్రెషన్ జోలికి వెళ్లనక్కర్లేదు, టర్బో చూసుకుంటుంది.

మరి కంప్రెషన్ ఎందుకు? టర్బో మేలుకోకముందు ఇంజిన్ ఎలా ఉంటుందన్నది దాని చేతిలో ఉంటుంది. అమీర్‌పేట్ నుంచి హైటెక్ సిటీ దాకా పొద్దున ట్రాఫిక్‌లో మీరు రెండు వేల ఆర్‌పీఎం దాటేది ఎంతసేపు? ఆ సమయమంతా మీ బండి టర్బో లేని 1.8 లీటర్ల ఇంజినే. పెద్ద టర్బో పెడుతున్నారు కాబట్టి అది ఇంకా ఆలస్యంగా లేస్తుంది. దాని మీద 8.5 పిస్టన్లు కూడా వేస్తే, సిగ్నల్ పడ్డాక బండి ఆలోచించి ఆలోచించి కదులుతుంది, మైలేజీ కూడా తగ్గుతుంది. 8.5 కట్టించుకున్నవాళ్లు కొందరు ఆరు నెలలకే "పవర్ ఉంది కానీ నడపాలనిపించడం లేదు" అంటూ నా దగ్గరికి వచ్చారు. అందుకే దించొద్దంటున్నాను.

పెంచొద్దని ఎందుకంటున్నానో ఇప్పుడు చెబుతాను. అసలు విషయం ఇదే.

నాకింగ్ అంటే ప్లగ్ దగ్గర మొదలైన మంట అంచుల దాకా చేరేలోపే, మూలలో మిగిలిన మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తట్టుకోలేక దానంతట అదే అంటుకోవడం. గాలిని నొక్కితే వేడెక్కుతుంది, సైకిల్ పంపు కింది భాగం పట్టుకున్న ప్రతివారికీ ఇది తెలుసు. ఎంత వేడెక్కుతుందన్నది రెండిటి మీద ఆధారపడుతుంది: ఎంత నొక్కామన్నది, నొక్కకముందు ఎంత వేడిగా ఉందన్నది. గాలి 47 డిగ్రీల దగ్గర సిలిండర్‌లోకి వచ్చిందనుకోండి. మంట, గోడల వేడి లెక్కలోకి తీసుకోకుండా, 8.5 కంప్రెషన్‌తో అది దాదాపు 480 డిగ్రీలకు చేరుతుంది. 9.5తో 514. తేడా 34 డిగ్రీలు. ఇప్పుడు కంప్రెషన్ 8.5 దగ్గరే ఉంచి, లోపలికొచ్చే గాలిని 47 బదులు 61 డిగ్రీలు చేయండి. చివరికి మళ్లీ అదే 513, 514.

అంటే ఒక పాయింట్ కంప్రెషన్, లోపలికొచ్చే గాలిలో సుమారు 14 డిగ్రీల వేడి, ఈ రెండూ నాకింగ్ దృష్టిలో ఇంచుమించు ఒకటే. నొక్కాక ఒత్తిడి ఎంతన్నది వేరే లెక్క, అందువల్ల ఇది కచ్చితమైన కొలత కాదు, చేతి లెక్క. కానీ ఈ ఒక్క లెక్క తెలిస్తే మిగతా నిర్ణయాలు చాలా తేలికవుతాయి.

ఇప్పుడు మన ఊరి వాతావరణం పెట్టి చూడండి. 1 బార్ బూస్ట్, టర్బో కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం. డిసెంబర్ పొద్దున 22 డిగ్రీలున్నప్పుడు టర్బో నుంచి బయటికొచ్చే గాలి సుమారు 114 డిగ్రీలు ఉంటుంది. మంచి ఇంటర్‌కూలర్ దాన్ని 50కి దించుతుంది. మే నెల మధ్యాహ్నం 43 డిగ్రీల్లో అదే టర్బో, అదే బూస్ట్, బయటికి 142 డిగ్రీలు. అదే ఇంటర్‌కూలర్ 73కి మాత్రమే దించగలుగుతుంది. తేడా 23 డిగ్రీలు, అంటే ఒకటిన్నర పాయింట్ కంప్రెషన్ కంటే ఎక్కువ. ఎండే పెడుతోంది ఆ కంప్రెషన్, మీరు పిస్టన్ మార్చనక్కర్లేదు.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్నాను. 2016లో ఒకాయన మీలాంటి ఇంజినే తెచ్చారు. నేనే 10.2 దగ్గర కట్టాను. ట్యూనింగ్ కూడా నా చేతి మీదే జరిగింది, ఆ ఏడు డిసెంబర్‌లో, చల్లటి పొద్దుటిపూట, ట్యాంకులో ప్రీమియం పెట్రోల్‌తో. బండి అద్భుతంగా ఉండేది. కింద నుంచే లాగేది. ఆయన సంతోషం చూసి నాకూ గర్వంగా ఉండేది. మే నెలలో నలుగురిని ఎక్కించుకుని, ఏసీ వేసుకుని విజయవాడ బయలుదేరారు. దారిలో బంక్‌లో మామూలు పెట్రోల్ మాత్రమే ఉంటే అదే పోయించుకున్నారు. సూర్యాపేట దాటాక ఓవర్‌టేక్‌లకు గట్టిగా నొక్కుతూ వెళ్లారు. కాసేపటికి వెనక నీలం పొగ. హెడ్డు దించి చూస్తే మూడో పిస్టన్‌లో మొదటి రింగు, రెండో రింగు మధ్య ఉండే గట్టు విరిగి ముక్కలైంది, బోరు గీతలు పడింది. కంప్యూటర్ తన చేతనైనంత టైమింగ్ వెనక్కి లాగింది. కానీ డిసెంబర్‌లో 10.2గా ఉన్న ఇంజిన్ ఆ మధ్యాహ్నం 12 దగ్గర పనిచేసినట్టు. అంత దూరం దాని చేయి అందలేదు. తప్పు పూర్తిగా నాది. ఇంజిన్ నా ఖర్చుతో 9.5కి మళ్లీ కట్టిచ్చాను. ఆ బండి ఇప్పటికీ తిరుగుతోంది.

ఆ రోజు నుంచి కంప్రెషన్ అడిగినవాళ్లని నేను అడిగే మొదటి ప్రశ్న "ఎంత పవర్ కావాలి" కాదు. "మీరు పోయించుకోవలసి వచ్చే అన్నిటికంటే నాసిరకం పెట్రోల్ ఏది, ఏ ఎండలో?" అని అడుగుతాను. ఆ జవాబుకి తగ్గ అంకె ఎంచుకోవాలి.

టైమింగ్ గురించి ఇంకో మాట, ఎందుకంటే "నాకింగ్ వస్తే టైమింగ్ తగ్గిద్దాంలే" అని చాలామంది తేలిగ్గా అనుకుంటారు. కంప్రెషన్ పెంచి తెచ్చుకున్న లాభం మూడు శాతం. నాకింగ్ వల్ల టైమింగ్ నాలుగైదు డిగ్రీలు వెనక్కి వెళ్తే ఆ మూడు శాతం అక్కడికక్కడే పోవచ్చు. అంతటితో ఆగదు. మంట ఆలస్యంగా మండితే వేడి పిస్టన్‌ను నెట్టడం మాని సైలెన్సర్ వైపు వెళ్తుంది, ఎగ్జాస్ట్ వేడెక్కుతుంది, టర్బో చక్రం, ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ ఆ దెబ్బ తింటాయి. సరైన టైమింగ్‌తో నడిస్తే ఎక్కువ కంప్రెషన్ ఎగ్జాస్ట్‌ను చల్లగా ఉంచుతుంది. టైమింగ్ లేకుండా నడిస్తే దానికి పూర్తి వ్యతిరేకం. అందుకే బూస్ట్‌లో మంచి టైమింగ్ నడిపే 9.5 ఇంజిన్, టైమింగ్ చంపుకుని నడిచే 10.5 ఇంజిన్ కంటే ఎక్కువ పవర్ ఇస్తుంది. పవర్ కొలిచే రోలర్ మీద ఇది చాలాసార్లు చూశాను.

ఇక ఇంటర్‌కూలర్. మీ బండిలో అది ముందు చక్రం పక్కన, మడ్‌గార్డు లోపల చిన్నగా కూర్చుని ఉంటుంది. 150 హార్స్‌పవర్‌కి, చల్లటి దేశానికి సరిపోయింది. 1 బార్ బూస్ట్‌తో మన ఎండలో రెండు గట్టి ఓవర్‌టేక్‌లకే అది వేడెక్కిపోతుంది. దాని పనితనం 70 శాతం నుంచి 50 శాతానికి పడిపోయిందనుకుంటే ఇందాకటి 73 డిగ్రీలు 92 అవుతాయి. మరో 19 డిగ్రీలు. పాయింట్ కంప్రెషన్ కంటే ఎక్కువ! కాబట్టి బంపర్ వెనక, రేడియేటర్ ముందు పెట్టే పెద్ద ఇంటర్‌కూలర్‌కి ముందు డబ్బు కేటాయించండి. బడ్జెట్ తక్కువైతే పిస్టన్ల బ్రాండ్‌లో తగ్గండి, ఇందులో తగ్గకండి. పైపుల జాయింట్లు గట్టిగా ఉండాలి, ఇంటర్‌కూలర్ వల్ల రేడియేటర్‌కి గాలి తగ్గకుండా పక్కల సందులు మూయించాలి. ట్రాఫిక్‌లో ఏసీ వేసినప్పుడు ఫ్యాన్ రెండు స్పీడులూ పనిచేస్తున్నాయో లేదో కూడా చూడండి, పాత ఆక్టేవియాల్లో మొదటి స్పీడు పోయి ఉండటం మామూలే.

పెట్రోల్ సంగతి ఇప్పుడు కొంత మారింది, మీకు అనుకూలంగానే. 2016లో మామూలు పెట్రోల్ అంటే ఆక్టేన్ (నాకింగ్‌ను తట్టుకునే శక్తి) 91. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, దానికి ప్రమాణం 95. ఇథనాల్‌కి ఆక్టేన్ ఎక్కువ, ఆవిరయ్యేటప్పుడు వేడిని బాగా లాక్కుంటుంది. నాకింగ్ విషయంలో టర్బో ఇంజిన్‌కి అది మేలే. అయితే దానికి రెండు షరతులు. మొదటిది, ఇథనాల్‌కి అదే గాలితో ఎక్కువ ఇంధనం కావాలి. పూర్తి పెట్రోల్‌కి గాలి 14.7 పాళ్లయితే 20 శాతం మిశ్రమానికి 13.5 దగ్గర. అంటే ఇంజెక్టర్లు 8, 9 శాతం ఎక్కువ పోయాలి. 220 హార్స్‌పవర్‌కి నేనైతే నిమిషానికి 400 సీసీ దగ్గర ఇంజెక్టర్లు వేస్తాను, పాతవి సరిపోవు. పెట్రోల్ పంపు కూడా మార్చేయండి, ఇరవై ఏళ్ల పంపుని నమ్మకూడదు. బూస్ట్‌లో ఇంధనం తక్కువైతే ఏ కంప్రెషనూ ఇంజిన్‌ను కాపాడలేదు. రెండో షరతు, ఈ బండి రబ్బరు పైపులు, సీళ్లు ఇంత ఇథనాల్ కోసం చేసినవి కావు. ఇంజిన్ దించినప్పుడే అవన్నీ మార్పించండి. వర్షాకాలంలో బండి నెలల తరబడి కదలకుండా ఉంటే ట్యాంకు సగం ఖాళీగా వదలకండి, ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది.

100 ఆక్టేన్ పెట్రోల్ కూడా మన దగ్గర దొరుకుతుంది, ఇండియన్ ఆయిల్ వాళ్ల ఎక్స్‌పీ100 2020 డిసెంబర్‌లో వచ్చింది. అది పోయించుకుంటే మంచిదే. కానీ దాన్ని నమ్ముకుని ఇంజిన్ కట్టకండి. హైదరాబాద్ దాటాక అది ఏ బంక్‌లో ఉంటుందో వెతుక్కుంటూ వెళ్లే పరిస్థితి రాకూడదు. 95తో నిలబడే ఇంజిన్ కట్టుకుని 100 పోసుకుంటే అది అదనపు రక్షణ.

ఇప్పుడు లేత్ దగ్గర జరిగేది చెప్పాలి. దీన్ని ఎవరూ లెక్కపెట్టరు. మీరు 9.5 పిస్టన్లు కొంటారు, ఇంజిన్ 9.5గా వస్తుందనుకుంటారు. అలా రాదు.

మీ ఇంజిన్ బోరు 81 మి.మీ., స్ట్రోక్ 86.4 మి.మీ. ఒక్కో సిలిండర్ 445 సీసీ. 9.5 రావాలంటే పిస్టన్ పైకి వచ్చాక మిగిలే మొత్తం జాగా 52.4 సీసీ ఉండాలి. 10.5 కావాలంటే 46.9. తేడా ఐదున్నర సీసీ, ఒక టీ స్పూన్‌కి కాస్త పైన. ఇంత చిన్న జాగాలో ఆట ఇది. ఇప్పుడు గీతలు పోవడానికి అర మిల్లీమీటరు ఓవర్‌సైజ్ బోరింగ్ చేయించారు, 81.5 అయింది. సిలిండర్ 450.7 సీసీ అయింది, జాగా అంతే ఉంది. కంప్రెషన్ 9.6. తర్వాత బ్లాకు పైభాగం వంకరగా ఉందని పావు మిల్లీమీటరు ఫేసింగ్ చేశారు. జాగాలో 1.3 సీసీ పోయింది. ఇప్పుడు 9.8. పైగా హెడ్డు కూడా ఫేసింగ్ చేస్తే పదికి చేరతారు. మీరు ఒక్క మాట అనకుండానే స్నేహితుడి కోరిక సగం నెరవేరిపోయింది.

అందుకే పిస్టన్లు ఆర్డర్ చేసేముందే బోరు ఎంత పెరుగుతుందో, బ్లాకు, హెడ్డు ఎంత తగ్గుతాయో తేల్చుకోండి. తర్వాత జాగా కొలిపించండి. పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. హెడ్డుకి వాల్వులు, ప్లగ్ బిగించి, తలకిందులు పెట్టి, చాంబర్ అంచుకి పల్చగా గ్రీజు రాసి, చిన్న రంధ్రం చేసిన అక్రిలిక్ పలక అతికించి, బ్యూరెట్‌తో కిరోసిన్ నింపడమే. ఎన్ని సీసీలు పట్టాయో అదే చాంబర్. పిస్టన్ గుంటని కూడా అలాగే కొలుస్తారు. గ్యాస్కెట్ నొక్కుకున్నాక ఎంత మందం ఉంటుందో, పిస్టన్ పైకి వచ్చినప్పుడు బ్లాకు అంచుకి ఎంత కిందో పైనో డయల్ గేజ్‌తో చూస్తే లెక్క పూర్తవుతుంది. నాలుగు సిలిండర్ల మధ్య తేడా అర సీసీ మించనివ్వకండి. నాలుగు సగటున 9.5 ఉండి ఒకటి 10 ఉంటే, ఇంజిన్ ఆ ఒక్కదాని దగ్గరే పోతుంది.

కొందరు మెకానిక్‌లు కంప్రెషన్ గేజ్ రీడింగ్ చూపించి "కంప్రెషన్ ఎక్కువుంది" అంటారు. అది రేషియో కాదు. బ్యాటరీ ఎలా తిప్పుతోంది, థ్రాటిల్ తెరిచారా, రింగులు ఎలా ఉన్నాయి, ఇవన్నీ కలిసిన అంకె అది. సిలిండర్ల మధ్య తేడా చూడటానికి పనికొస్తుంది, అంతవరకే.

ఫేసింగ్ వల్ల పెరిగిన కంప్రెషన్ తగ్గించడానికి మందపాటి గ్యాస్కెట్ వేస్తామంటారు. ఒక మేర వరకే ఒప్పుకోండి. అర మిల్లీమీటరు మందం పెంచితే తగ్గేది 0.4 పాయింటే. దానికి బదులుగా మీరు పోగొట్టుకునేది పిస్టన్ చదునైన అంచుకి, హెడ్డుకి మధ్య ఉండే ఇరుకు సందు. పిస్టన్ పైకి వచ్చినప్పుడు ఆ సందులోంచి మిశ్రమం చిమ్ముకుంటూ మధ్యలోకి వస్తుంది, సుడులు తిరుగుతుంది, మంట త్వరగా పాకుతుంది. నాకింగ్ మొదలయ్యే మూలల్లో మిశ్రమం మిగలదు. సందు వెడల్పు చేస్తే ఆ మేలు పోతుంది. అప్పుడు కంప్రెషన్ తగ్గి కూడా నాకింగ్ పెరిగే పరిస్థితి రావచ్చు. సిలిండర్‌కి ఐదు వాల్వులు పెట్టిన ఈ హెడ్డులో అసలే ఆ చదునైన అంచు ఎక్కువ మిగలదు. ఉన్నదాన్ని కాపాడుకోవాలి. విప్పేముందు కంపెనీ ఎంత సందు వదిలిందో కొలిచి రాసుకోండి, కట్టాక దానికి మించకుండా చూడండి. ఫేసింగ్ నష్టాన్ని పిస్టన్ గుంట లోతుతో సర్దుకోవడమే సరైన దారి. ఆర్డర్ మీద చేసే ఫోర్జ్‌డ్ పిస్టన్లయితే గుంట ఎన్ని సీసీలు కావాలో మీరే చెప్పవచ్చు.

మీరు అడగకపోయినా అడగాల్సిన విషయం కనెక్టింగ్ రాడ్లు, అంటే పిస్టన్‌ను క్రాంకుకి కలిపే రాడ్లు. ఈ 1.8 టర్బోలో బలహీనమైన భాగం పిస్టన్ కంటే రాడ్డే. కింది ఆర్‌పీఎంలో బూస్ట్ ఒక్కసారిగా పెరిగి టార్క్ ఎగదన్నినప్పుడు పాతవి వంగుతాయి. ఇంజిన్ విప్పే ఉంది కాబట్టి ఫోర్జ్‌డ్ రాడ్లు ఇప్పుడే వేయించండి. ట్యూనింగ్‌లో కూడా మూడు వేల లోపు బూస్ట్ మెల్లగా పెరిగేలా పెట్టించండి. కంప్రెషన్ కాస్త ఎక్కువ ఉన్న ఇంజిన్‌లో ఈ దెబ్బ ఇంకా గట్టిగా ఉంటుంది.

రింగుల సందు పుస్తకంలోని మామూలు కొలత ప్రకారం పెట్టకూడదు. బూస్ట్‌లో రింగు ఎక్కువ వేడెక్కి సాగుతుంది. సందు చాలకపోతే రెండు కొసలూ ఢీకొని పిస్టన్ గట్టును విరుస్తాయి. చూడటానికి అచ్చం నాకింగ్ దెబ్బలాగే ఉంటుంది, చాలామంది పొరబడతారు. 81.5 బోరుకి మొదటి రింగు 0.40 మి.మీ. దగ్గర పెడతాను, పిస్టన్ తయారీదారు ఇచ్చిన కాగితం చూసి. పిస్టన్‌కి, బోరుకి మధ్య క్లియరెన్స్ కూడా ఆ కాగితం ప్రకారమే హోనింగ్ చేయించండి. "మాకు అలవాటైన కొలత" అని లేత్ మేస్త్రీ అంటే మర్యాదగానే కాగితం చేతిలో పెట్టండి. ఫోర్జ్‌డ్ పిస్టన్లు చల్లగా ఉన్నప్పుడు కొద్దిగా టకటకమంటాయి, వేడెక్కాక ఆగుతుంది. ఆ చప్పుడుకి టెన్షన్ పడకండి.

ఆయిల్ ఆవిరి సంగతి కూడా చూడండి. మీ బండి ఇన్నాళ్లూ ఆయిల్ తాగింది కదా, ఇన్‌టేక్ పైపుల్లో, ఇంటర్‌కూలర్‌లో ఆయిల్ పేరుకుని ఉంటుంది. ఆయిల్ కలిసిన మిశ్రమానికి ఆక్టేన్ పడిపోతుంది. మీరు ఖరీదైన పెట్రోల్ పోసి, పక్కనుంచి ఆయిల్ కలిపితే ప్రయోజనం లేదు. ఇంజిన్ లోపలి ఆయిల్ ఆవిరిని బయటికి తీసే బ్రీదర్ పైపులు ఈ వయసుకి పగిలి, గట్టిపడి ఉంటాయి. వాటి వాల్వులతో సహా మొత్తం మార్పించండి, ఆ ఆయిల్‌ని పట్టుకునే డబ్బా, అంటే ఒక మంచి ఆయిల్ క్యాచ్ క్యాన్ పెట్టించండి. ఆయిల్ చాంబర్ విప్పినప్పుడు పికప్ జల్లెడ కొత్తది వేయించండి, ఈ ఇంజిన్లలో అది మడ్డితో మూసుకుపోవడం అందరికీ తెలిసిన జబ్బే. టర్బోకి ఆయిల్ అందకపోతే మన లెక్కలేవీ పనికిరావు. ప్లగ్‌లు ఒక మెట్టు చల్లటివి, ఎన్‌జీకే బీకేఆర్7ఈ, సందు 0.7 మి.మీ. చాలు.

కట్టడం పూర్తయ్యాక ట్యూనింగ్ మే నెలలో చేయించమని చెప్పలేను, మీ ఇంజిన్ అప్పటిదాకా ఆగదు. కానీ ఏ నెలలో చేసినా మధ్యాహ్నం చేయించండి, వేడెక్కిన బండి మీద, ట్యాంకులో మామూలు బంకు పెట్రోల్ ఉండగా. వీసీడీఎస్‌లో (బండి కంప్యూటర్‌ని ల్యాప్‌టాప్‌తో చదివే సాఫ్ట్‌వేర్) గ్రూప్ 020 తెరిస్తే నాలుగు సిలిండర్లలో నాకింగ్ వల్ల ఎన్ని డిగ్రీలు వెనక్కి లాగుతోందో విడివిడిగా కనిపిస్తుంది. మూడో గేర్‌లో గట్టిగా లాగినప్పుడు అప్పుడప్పుడు రెండు మూడు డిగ్రీలు కనిపిస్తే పర్వాలేదు. ఒకే సిలిండర్‌లో పదేపదే ఆరు దాటుతుంటే, మొత్తం మీద బూస్ట్ తగ్గించేముందు ఆ సిలిండర్ ఇంజెక్టర్, ప్లగ్, కొలిచిన సీసీ మళ్లీ చూడండి. చెవితో వింటామని అనుకోకండి. బూస్ట్‌లో గాలి హోరు మధ్య ప్రమాదకరమైన నాకింగ్ కూడా మనిషి చెవికి వినిపించదు. వినిపించే సరికి ఆలస్యమైపోతుంది. తొలి వేసవిలో ఒకసారి, విజయవాడ వెళ్లేముందు మళ్లీ ఆ గ్రూప్ చూసుకోండి.

9.5 కంటే పైకి వెళ్లమని ఎవరికైనా చెబుతానా? చెబుతాను. బండి ట్రాక్‌కే పరిమితమై, ఇథనాల్ బాగా ఎక్కువ ఉన్న ఇంధనం డబ్బాల్లో తెచ్చుకుని పోసుకునేవాళ్లకి 10.5 పెడతాను. టర్బో చిన్నదే ఉంచి, బూస్ట్ 0.6 బార్ దాటని, మైలేజీ, కింది పికప్ మాత్రమే కావాలనే మనిషికి 10 పెట్టవచ్చు. ఇదే కుటుంబంలోని 225 హార్స్‌పవర్ ఇంజిన్‌కి కంపెనీ కంప్రెషన్ 9 దగ్గరకు దించింది, కాబట్టి రేపు మీ మనసు మారి 260, 280 కావాలంటే 9 వైపు రమ్మంటాను, అప్పుడు ఆ అర పాయింట్ దించడంలో అర్థం ఉంది. మీరు అడిగిన 220కి, రోజువారీ వాడకానికి, మన ఎండకి 9.5. కొలిచాక 9.4 వచ్చినా, 9.6 వచ్చినా దిగులు పడకండి. 9.8 వస్తే మాత్రం కట్టకుండా ఆపండి.

ముందు బ్లాకు, హెడ్డు లేత్‌కి పంపి కొలతలు తెప్పించుకోండి. బోరింగ్ ఎంత సైజుకి, ఫేసింగ్ ఎంత, నాలుగు చాంబర్ల సీసీలు, పిస్టన్ బ్లాకు అంచుకి ఎంత కింద ఉందో, ఈ నాలుగూ ఇక్కడ రాస్తే పిస్టన్ గుంట ఎన్ని సీసీలు చెప్పాలో లెక్క వేసి ఇస్తాను. అప్పటిదాకా పిస్టన్లకి అడ్వాన్స్ కట్టకండి.